సంకల్పబలం ఖర్చయిపోతుందా? ‘ఈగో డిప్లీషన్’ సిద్ధాంతంపై విమర్శనాత్మక పరిశీలన

పరిచయం

ప్రేరణ, ఆత్మనియంత్రణలకు సంబంధించిన ప్రధాన సిద్ధాంతాలను మీరు ఇంతకుముందు చదివారు. అక్కడ ఒక్కో సిద్ధాంతాన్ని అది తన గురించి తాను చెప్పుకున్న విధంగానే పరిచయం చేశాం. ఈ పాఠంలో వాటిలో ఒకదాన్ని మాత్రమే తీసుకుని, దాని వెనుక ఉన్న ఆధారాలు ఎంతవరకు నిలబడతాయో చూస్తాం. సంకల్పబలం పరిమితమైన వనరు అనీ, ఒక పనిలో దాన్ని వాడితే తరువాతి పనికి తక్కువ మిగులుతుందనీ చెప్పే సిద్ధాంతం అది. ఆంగ్లంలో దీన్ని ‘ఈగో డిప్లీషన్’ అంటారు. ఇక్కడ దాన్ని ‘ఆత్మనియంత్రణ తరుగుదల’, లేదా క్లుప్తంగా ‘తరుగుదల’ అని వ్యవహరిద్దాం.

ఈ సిద్ధాంతాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. దూరవిద్యలో చదువుతున్న మీలో చాలామంది పగలు ఉద్యోగమో, వ్యవసాయమో, ఇంటిపనో ముగించుకుని రాత్రిపూట ఈ పుస్తకం తెరుస్తారు. ‘పగలంతా మనసును అదుపులో పెట్టుకుని పనిచేశారు కాబట్టి రాత్రికి మీ సంకల్పబలం అయిపోయి ఉంటుంది’ అని ఈ సిద్ధాంతం మీకు చెబుతుంది. అది నిజమైతే మీరు చదివే వేళలు మార్చుకోవాలి. నిజం కాకపోతే, లేని లోపాన్ని మీలో వెతుక్కోవడం మానాలి. రెండింటిలో ఏది సరైనదో తేల్చడానికి మనోవిజ్ఞానశాస్త్రానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఆ పని ఇంకా పూర్తి కాలేదు కూడా.

ముల్లంగి, చాక్లెట్

1998లో రాయ్ బౌమైస్టర్, ఆయన సహచరులు అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగంతో ఈ కథ మొదలవుతుంది. ఆకలితో ఉన్న విద్యార్థులను ఒక గదిలోకి పిలిచారు. గదిలో అప్పుడే కాల్చిన చాక్లెట్ బిస్కెట్ల వాసన వస్తోంది. బల్ల మీద ఒక పాత్రలో ఆ బిస్కెట్లు, మరో పాత్రలో ముల్లంగి ముక్కలు ఉన్నాయి. కొందరిని బిస్కెట్లు తినమన్నారు. కొందరిని ముల్లంగి మాత్రమే తినమన్నారు. మూడో సమూహానికి తిండి ఊసే లేదు. ఆ తరువాత అందరికీ సాధ్యంకాని చిక్కుప్రశ్నలు ఇచ్చారు. అవి పరిష్కారం లేనివని వారికి తెలియదు. ఎంతసేపు ప్రయత్నిస్తారన్నదే కొలత.

ముల్లంగి సమూహం సగటున 8 నిమిషాలు దాటగానే చేతులెత్తేసింది. బిస్కెట్లు తిన్నవారు దాదాపు 19 నిమిషాలు, ఏమీ తిననివారు దాదాపు 21 నిమిషాలు ప్రయత్నించారు. బిస్కెట్ల మీదికి పోయే చేతిని ఆపుకోవడానికి ముల్లంగి సమూహం తన సంకల్పబలాన్ని ఖర్చుచేసిందనీ, అందుకే చిక్కుప్రశ్నల దగ్గర త్వరగా ఓడిపోయిందనీ పరిశోధకులు వ్యాఖ్యానించారు.

ప్రయోగం చక్కగా ఉంది. ఒక్కసారి వింటే మరిచిపోలేం. అయితే ఆకట్టుకునే ప్రయోగం దగ్గరే మనం మరింత జాగ్రత్తగా ఉండాలి. ఈ ప్రయోగంలో పాల్గొన్నవారు మొత్తం 67 మంది, అంటే ఒక్కో సమూహంలో సుమారు 22 మంది. ఇంత చిన్న సమూహాల్లో నలుగురైదుగురు మొండివాళ్లు ఒక పక్కకు చేరినా సగటు మారిపోతుంది. పైగా, కోరుకున్నది దొరకక ముల్లంగి నమలాల్సి వచ్చిన విద్యార్థికి ప్రయోగకర్త మీద విసుగు పుట్టి ఉండవచ్చు. విసుగు పుట్టినవాడు చిక్కుప్రశ్నను త్వరగా పక్కన పెట్టేస్తాడు. అది శక్తి లేకపోవడం కాదు, మనసు లేకపోవడం. ఈ రెండింటినీ విడదీసే ఏర్పాటు ఈ ప్రయోగంలో సరిపోయినంతగా లేదు.

ప్రయోగశాల దాటిన సిద్ధాంతం

తరువాతి పన్నెండేళ్లలో ఈ భావన ఊహించనంతగా విస్తరించింది. 2010లో మార్టిన్ హ్యాగర్ బృందం 83 అధ్యయనాల్లోని 198 ప్రయోగ ఫలితాలను కలిపి విశ్లేషించి, తరుగుదల ప్రభావ పరిమాణం 0.62 అని తేల్చింది. సాంఘిక మనోవిజ్ఞానంలో ఇది చెప్పుకోదగ్గ సంఖ్య. 2011లో బౌమైస్టర్, పాత్రికేయుడు జాన్ టియర్నీ కలిసి రాసిన ‘విల్‌పవర్’ అనే పుస్తకం సామాన్య పాఠకుల్లోకి దూసుకుపోయింది. చిన్న చిన్న నిర్ణయాలకు మనసు వృథా కాకుండా ఉండేందుకు తాను బూడిద రంగు లేదా నీలం రంగు సూట్లే ధరిస్తానని అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా 2012లో ఒక పత్రికకు చెప్పారు. సంస్థల నిర్వాహకులకు ఇచ్చే శిక్షణలో ‘నిర్ణయాల అలసట’ అనే మాట స్థిరపడిపోయింది.

అదే 2011లో వచ్చిన మరో అధ్యయనాన్ని ఈ సందర్భంలో తప్పక ప్రస్తావిస్తారు. ఇజ్రాయెల్‌లో ఖైదీల పెరోల్ దరఖాస్తులపై 8 మంది న్యాయమూర్తులు ఇచ్చిన 1,112 తీర్పులను షాయ్ డాంజిగర్ బృందం పరిశీలించింది. విచారణ మొదలైన వెంటనే దాదాపు 65 శాతం దరఖాస్తులకు అనుకూల తీర్పు వస్తోంది. విరామం దగ్గరపడే కొద్దీ అది దాదాపు సున్నాకు పడిపోతోంది. న్యాయమూర్తులు ఏదైనా తిని వచ్చాక మళ్లీ 65 శాతం దగ్గరకు చేరుతోంది. మనిషి స్వేచ్ఛ న్యాయమూర్తి ఫలహారం మీద ఆధారపడుతోందన్నమాట! పత్రికలు ఈ వార్తను పండగ చేసుకున్నాయి.

అదే సంవత్సరం, అదే పత్రికలో కెరెన్ వైన్‌షాల్ మార్గెల్, జాన్ షాపర్డ్ దీనికి సమాధానం రాశారు. కేసులు వచ్చే వరస యాదృచ్ఛికం కాదని వారు చూపించారు. న్యాయవాది లేని ఖైదీల కేసులు సాధారణంగా విరామానికి ముందు, చివర్లో వస్తాయి. న్యాయవాది లేనివారికి పెరోల్ దొరికే అవకాశం ఎలాగూ తక్కువే. 2016లో ఆండ్రియాస్ గ్లోక్నర్ మరో సంగతి గుర్తుచేశాడు. అనుకూల తీర్పులకు ఎక్కువ సమయం పడుతుంది. విరామం ముంచుకొస్తున్నప్పుడు పెద్ద కేసును మొదలుపెట్టకుండా తరువాతికి వాయిదా వేసే న్యాయమూర్తి ఉంటే చాలు, అతనికి ఏ అలసటా లేకపోయినా గ్రాఫ్‌లో అలాంటి జారుడే చాలావరకు కనబడుతుంది. మొదటి అధ్యయనం గురించి విన్నవారిలో ఈ రెండు సమాధానాల గురించీ విన్నవారు ఎంతమంది ఉంటారు? విమర్శ వచ్చింది గాని, ఫలహారం కథ వెళ్లినంత దూరం అది వెళ్లలేదు.

మళ్లీ చేసి చూస్తే

ఏ శాస్త్రంలోనైనా ఫలితం నిజమో కాదో తెలుసుకునే సూటి మార్గం దాన్ని మళ్లీ చేసి చూడటమే. 2015లో బ్రయన్ నోసెక్ నాయకత్వంలో పరిశోధకులు మనోవిజ్ఞాన పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్లీ చేశారు. మూలపత్రాల్లో 97 శాతం గణాంకపరంగా సార్థక ఫలితాలు చూపాయి. పునఃప్రయోగాల్లో 36 శాతమే అలా చూపాయి. ఆ మరుసటి ఏడాదే తరుగుదల సిద్ధాంతం వంతు వచ్చింది.

2016 ప్రయత్నానికి నాయకుడు ఎవరో గమనించండి. 0.62 అనే సంఖ్యను ప్రకటించిన మార్టిన్ హ్యాగరే. ప్రయోగ విధానాన్నీ, విశ్లేషణ పద్ధతినీ ముందుగానే రాసి నమోదు చేశారు. 23 ప్రయోగశాలల్లో 2,141 మందిపై ఒకే ప్రయోగం నిర్వహించారు. ఫలితంగా వచ్చిన ప్రభావ పరిమాణం 0.04. దీనికి బౌమైస్టర్, క్యాథలీన్ వోస్ అభ్యంతరం చెప్పారు. వాడిన కంప్యూటర్ పని అసలు సంకల్పబలాన్ని ఖర్చు చేయించేదే కాదన్నారు. అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. అయితే 2021లో వోస్ స్వయంగా నాయకత్వం వహించి, 36 ప్రయోగశాలల్లో 3,531 మందిపై మరో పరీక్ష చేయించింది. అక్కడ వచ్చింది 0.06.

ఈ సంఖ్యల అర్థం ఏమిటో స్పష్టంగా తెలుసుకోకుండా ముందుకు పోవద్దు. ప్రభావ పరిమాణం అంటే రెండు సమూహాల సగటుల మధ్య తేడాను ప్రామాణిక విచలనంతో భాగిస్తే వచ్చే విలువ. తరుగుదల కలిగిన సమూహం సగటు ఒక గీత అనుకోండి. ప్రభావం ఏమీ లేకపోతే నియంత్రిత సమూహంలోని 100 మందిలో 50 మంది ఆ గీతకు పైన ఉంటారు. ప్రభావ పరిమాణం 0.62 అయితే సుమారు 73 మంది పైన ఉంటారు. ఆ తేడా ప్రత్యేకంగా కొలవకపోయినా తరగతి గదిలో కంటికి ఆనుతుంది. 0.04 అయితే 52 మంది కూడా ఉండరు. 0.06 అయినా దాదాపు 52 మందే. ఇంత స్వల్పమైన తేడా మీద నిత్యజీవితానికి సలహాలు నిర్మించడం ఇసుక మీద ఇల్లు కట్టడమే.

మరి 198 ప్రయోగాలు ముందు ఎలా ఫలించాయి? ఇక్కడ చాలామంది వెంటనే మోసాన్ని అనుమానిస్తారు. అంత దూరం పోనక్కరలేదు. అనుకున్న ఫలితం రాని ప్రయోగాన్ని పత్రికలు సాధారణంగా ప్రచురించవు. అది పరిశోధకుడి సొరుగులోనే ఉండిపోతుంది. మనం లెక్కించేది బయటకు వచ్చినవాటినే. ఇవాన్ కార్టర్, మైకేల్ మెకల్లా 2014, 2015లలో ఈ ప్రచురణ పక్షపాతాన్ని సవరించే పద్ధతులు వాడి చూస్తే, ప్రభావం సున్నాకు దగ్గరగా కుంచించుకుపోయింది.

రెండో కారణం ఇంకా సూక్ష్మమైనది. ఏ కొలతను వాడాలి, ఎవరి సమాధానాలను పక్కన పెట్టాలి, ఎంతమంది దగ్గర ఆపాలి అనేవి ఫలితాన్ని చూశాక నిర్ణయిస్తే, లేని ప్రభావం కూడా ‘సార్థకం’గా తేలుతుంది. జోసెఫ్ సిమన్స్, లీఫ్ నెల్సన్, యూరీ సైమన్‌సన్ 2011లో దీన్ని నవ్వు తెప్పించే విధంగా నిరూపించారు. బీటిల్స్ బృందం పాడిన ‘వెన్ ఐయామ్ సిక్స్టీ ఫోర్’ అనే పాట విన్నవారి వయసు దాదాపు ఏడాదిన్నర తగ్గిందని వారు మామూలు గణాంక పద్ధతులతోనే, అబద్ధపు అంకె ఒక్కటీ లేకుండా చూపారు. పాట వింటే వయసు తగ్గదని మనకు తెలుసు కాబట్టి నవ్వుకుంటాం. సంకల్పబలం తగ్గిందంటే మాత్రం, మనకు తోచినదానికి సరిపోతుంది కాబట్టి తలూపుతాం. మామూలుగా 5 శాతం ఉండాల్సిన తప్పుడు ఫలితాల అవకాశం ఇలాంటి స్వేచ్ఛలు నాలుగు కలిస్తే 60 శాతం దాటుతుందని వారి లెక్క.

మీ ప్రగతిని తెలుసుకోండి

ఒక శిక్షణా సంస్థ తన ధ్యాన పద్ధతివల్ల ఉద్యోగుల ఏకాగ్రత ‘గణాంకపరంగా సార్థకంగా’ పెరిగిందని ప్రకటించింది. ఆ ప్రకటన నమ్మదగినదో కాదో నిర్ణయించడానికి మీరు అడగవలసిన ప్రశ్నలేవి? పాల్గొన్నవారి సంఖ్య, ప్రభావ పరిమాణం, విశ్లేషణను ముందే నమోదు చేశారా లేదా అనే అంశాలను దృష్టిలో పెట్టుకుని పది పంక్తుల్లో రాయండి.

ఇంధనపు తొట్టి అనే పోలిక

గణాంకాలను కాసేపు పక్కన పెట్టి, సిద్ధాంతం లోపలి నిర్మాణాన్ని చూద్దాం. తరుగుదల సిద్ధాంతమంతా ఒక పోలిక మీద నిలబడింది. సంకల్పబలం వాహనంలోని ఇంధనం వంటిది, నడిపితే తరుగుతుంది అన్నదే ఆ పోలిక. 2007లో మాథ్యూ గేలియట్, బౌమైస్టర్ తదితరులు ఈ పోలికను అక్షరాలా నిజం చేయబోయారు. తరిగేది రక్తంలోని గ్లూకోజ్ అనీ, చక్కెర కలిపిన నిమ్మరసం తాగితే ఆత్మనియంత్రణ తిరిగి వస్తుందనీ అన్నారు.

శరీరధర్మశాస్త్రం దీనికి సహకరించదు. మనిషి శరీరం విశ్రాంతిలో వాడే శక్తిలో దాదాపు 20 శాతాన్ని మెదడే వాడుతుంది. అది నిరంతరం జరిగే ఖర్చు. కష్టమైన లెక్క చేస్తున్నప్పుడు అదనంగా పడే ఖర్చు ఆ మొత్తంతో పోలిస్తే చాలా స్వల్పం. రాబర్ట్ కుర్జ్‌బాన్ 2010లో ఈ లోపాన్ని ఎత్తి చూపాడు. తరువాత వచ్చిన కొన్ని ప్రయోగాల్లో తీపి ద్రవాన్ని మింగకుండా పుక్కిలించి ఉమ్మేసినా పనితీరు మెరుగైంది. నోట్లో పోసుకుని ఉమ్మిన చక్కెర రక్తంలోకి ఇంధనంగా చేరదు కదా! తీపి తగిలితే మెదడు ‘ప్రతిఫలం ఉంది’ అని గ్రహిస్తుందేమో గాని, తొట్టి నిండదు.

ఇంతకంటే ఇబ్బందికరమైన ఆధారం సిద్ధాంతం సొంత ఇంటి నుంచే వచ్చింది. బౌమైస్టర్ తొలి సహచరుల్లో ఒకరైన మార్క్ మురావెన్ 2003లో ఒక సంగతి చూపాడు. తరుగుదల కలిగినట్టు భావిస్తున్నవారికి తగిన ప్రోత్సాహం ఇస్తే, వారు తరువాతి పనిని మామూలుగానే చేస్తారు. ఇంధనం నిజంగా అయిపోయిన బండి, డ్రైవరుకు బహుమతి ఇస్తామంటే కదులుతుందా? ఈ ప్రశ్నకు సిద్ధాంతకర్తలు ఇచ్చిన జవాబు ఇది: తొట్టి పూర్తిగా ఖాళీ కాలేదు, మనిషి మిగిలినదాన్ని పొదుపు చేస్తున్నాడు. అంటే ఓడిపోతే తరిగింది, గెలిస్తే దాచుకున్నది బయటికి తీశాడు. ఏ ఫలితం వచ్చినా సిద్ధాంతం సరిపోతుంది. తప్పని తేలే అవకాశమే లేని ప్రతిపాదన శాస్త్రంలో బలం కాదు, బలహీనత. 0.04 అనే సంఖ్యకన్నా ఈ లోపమే తీవ్రమైనదని నా అభిప్రాయం. ఎందుకంటే సంఖ్యను మరో ప్రయోగం సవరించగలదు, దీన్ని సవరించలేదు.

మైకేల్ ఇంజ్లిక్ట్, బ్రాండన్ ష్మైకెల్ 2012లో ప్రతిపాదించిన ప్రత్యామ్నాయం ఇంతకంటే వాస్తవానికి దగ్గరగా ఉంది. చేయవలసిన పని చేశాక మనసు చేయాలనిపించే పని వైపు మళ్లుతుంది, శ్రద్ధ కూడా అటే పోతుంది, తరిగిపోయే వస్తువేదీ లేదు అన్నది వారి మాట. ఈ రంగంలోనే పేరు తెచ్చుకున్న ఇంజ్లిక్ట్, ఆ తరువాత తన సొంత పరిశోధనల పునాదులనే బహిరంగంగా ప్రశ్నించాడు. అది అరుదైన విషయం. బౌమైస్టర్ మాత్రం ఇప్పటికీ తన సిద్ధాంతాన్ని సమర్థిస్తూనే ఉన్నాడు.

అలసట అబద్ధమా?

కాదు. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అయిదు పది నిమిషాల పనితో సంకల్పబలం తరిగిపోతుందన్న వాదన నిలబడలేదు. అంతమాత్రాన రోజంతా పనిచేసిన మనిషి అలసిపోడని ఎవరూ నిరూపించలేదు.

హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్ తదితరులు 2015లో ప్రచురించిన అధ్యయనం చూడండి. అమెరికాలోని 35 ఆసుపత్రుల్లో నాలుగు వేలకు పైగా ఆరోగ్య సిబ్బంది, చేతులు శుభ్రం చేసుకోవలసిన ప్రతి సందర్భంలోనూ ఆ పని చేశారా లేదా అన్నది ఎలక్ట్రానిక్ పరికరాలతో నమోదైంది. అలాంటి సందర్భాలు కోటికి పైనే. 12 గంటల షిఫ్టు మొదటి నుంచి చివరికి వచ్చేసరికి ఈ నియమ పాలన సగటున 8.7 శాతం పాయింట్లు తగ్గింది. పని ఒత్తిడి ఎక్కువైతే తగ్గుదల ఇంకా పెరిగింది. షిఫ్టుల మధ్య విరామం ఎక్కువగా ఉన్నవారు తిరిగి వచ్చాక మెరుగ్గా పాటించారు. పరిశోధకులు దీన్ని తరుగుదల భావనతోనే ముడిపెట్టారు. ఆ వ్యాఖ్యానాన్ని మనం అంగీకరించనక్కరలేదు. కాని ఈ సమాచారాన్ని కాదనలేం. ఇది బిస్కెట్ల గది కాదు. చేతులు కడుక్కోకపోతే రోగి ప్రాణానికి ముప్పు.

మెదడు వైపు నుంచి కూడా కొత్త ఆధారం వచ్చింది. ఆంటోనియస్ వీలర్, మాథియాస్ పెస్సిగ్లియోన్ తదితరులు ప్యారిస్‌లో చేసిన పరిశోధన 2022లో వెలువడింది. 40 మందిని రెండు సమూహాలు చేసి, ఒక సమూహానికి కష్టమైన మానసిక పనులు, మరో సమూహానికి తేలికైనవి ఇచ్చి, ఆరు గంటలకు పైగా చేయించారు. మెదడులోని రసాయనాలను కొలిచే అయస్కాంత అనునాద పద్ధతిలో చూస్తే, కష్టమైన పనులు చేసినవారికి నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో గ్లూటమేట్ ఎక్కువగా పేరుకుంది. నాడీకణాల మధ్య సంకేతాలు చేరవేసే ఈ పదార్థం మితిమీరితే ఇబ్బందికరం. సాయంత్రానికి వీరు శ్రమ తక్కువగా, ప్రతిఫలం త్వరగా దొరికే ఎంపికల వైపు మొగ్గారు.

ఈ ఫలితం పాత సిద్ధాంతాన్ని తలకిందులు చేస్తుంది. తొట్టిలో ఏదో అయిపోవడం కాదు, ఏదో పేరుకోవడం. సాయంత్రానికి పొయ్యిలో కట్టెలు అయిపోలేదు, బూడిద నిండింది అన్నమాట. అయితే మనం ముల్లంగి ప్రయోగాన్ని ఏ కొలతతో కొలిచామో దీన్నీ అదే కొలతతో కొలవాలి. 40 మంది చిన్న సంఖ్యే. గ్లూటమేట్ పేరుకోవడమే ఎంపికలను మార్చిందా, లేక రెండూ మరో కారణం వల్ల కలిసి వచ్చాయా అన్నది ఈ ఒక్క ప్రయోగంతో తేలదు. మెదడు చిత్రం పక్కన కనబడగానే వాక్యం బరువు పెరిగినట్టు అనిపించడం మనకు సహజం. ఆ బరువు మన కళ్లు ఇచ్చేది. ఆధారానికి ఉన్న బరువు వేరే లెక్కించాలి.

ఎవరి మనసును కొలిచారు?

ఇక మనకు దగ్గరి విషయం. జోసెఫ్ హెన్రిక్, స్టీవెన్ హైనె, అరా నోరెంజయాన్ 2010లో రాసిన ప్రసిద్ధ వ్యాసం, మనోవిజ్ఞాన ప్రయోగాల్లో పాల్గొన్నవారిలో అత్యధికులు పాశ్చాత్య సంపన్న దేశాలవారేనని ఎత్తిచూపింది. తరుగుదల పరిశోధనలకు కూడా ఇది వర్తిస్తుంది. క్లీవ్‌లాండ్‌లోని కళాశాల విద్యార్థి మనసును కొలిచి ‘మనిషి మనసు’ అని పేరు పెట్టారు.

అదే 2010లో వెరోనికా జాబ్, కరోల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ ఒక ఆసక్తికరమైన ఫలితం ప్రకటించారు. సంకల్పబలం పరిమితమైనదని నమ్మేవారిలోనే తరుగుదల కనబడుతోందనీ, అలా నమ్మనివారిలో కనబడటం లేదనీ వారు చెప్పారు. 2017లో కృష్ణ సావని, వెరోనికా జాబ్ భారతదేశాన్ని పరిశీలనకు తీసుకున్నారు. మనసు పెట్టి చేసే పని అలసట కాక ఉత్సాహం ఇస్తుందనే నమ్మకం భారతీయుల్లో ఎక్కువగా కనిపించింది. వారి ప్రయోగాల్లో భారతీయులు కష్టమైన పని చేశాక తరువాతి పనిని మరింత బాగా చేశారు. పాశ్చాత్య సిద్ధాంతం చెప్పినదానికి ఇది సరిగ్గా విరుద్ధం.

అవధానం చూసినవారికి ఇది వింతగా తోచకపోవచ్చు. ఎనిమిదిమంది పృచ్ఛకుల మధ్య గంటల తరబడి కూర్చున్న అవధాని, సభ ముగిసే వేళకు ధారణలో మరింత వెలిగిపోవడం తెలుగు శ్రోతలకు పరిచయమైన దృశ్యమే. కాని అవధాని ఏళ్ల తరబడి సాధన చేసిన వ్యక్తి. ఆయనను చూపించి ‘మనవాళ్లకు అలసట ఉండదు’ అనడం, 67 మంది అమెరికన్ విద్యార్థులను చూపించి ‘మనుషులందరికీ తరుగుతుంది’ అనడంకంటే మెరుగైన తర్కమేమీ కాదు. సావని, జాబ్ ఫలితం మనకు నచ్చే ఫలితం. అందుకే దాన్ని మరింత కఠినంగా పరీక్షించాలి. అనేక ప్రయోగశాలల్లో, తెలుగు రాష్ట్రాలవంటి చోట్ల, కళాశాల విద్యార్థులే కాక కూలీలు, ఉద్యోగులు, గృహిణులతో ముందే నమోదు చేసిన పద్ధతిలో చేయదగిన పరిశోధన ఇది.

సంస్థలు, బాధ్యత

సిద్ధాంతం తప్పయితే పుస్తకాల్లో దిద్దుకుంటే సరిపోతుంది కదా, దీనికింత చర్చ ఎందుకు అని మీరు అడగవచ్చు. పరిశోధన ఫలితం పుస్తకంలోనే ఉండదు. అది ఉద్యోగుల శిక్షణ తరగతిగా, ఫోన్‌లోని అప్లికేషన్‌గా, సంస్థ విధానంగా మారుతుంది. ఇటీవలి కాలంలో సంస్థలు ‘రెసిలియన్స్’ అనే మాటను తరచుగా వాడుతున్నాయి. దెబ్బ తగిలినా తట్టుకుని, నేర్చుకుని, నిలదొక్కుకునే శక్తి అని దాని అర్థం. కార్ల్ వైక్, క్యాథలీన్ సట్‌క్లిఫ్ వంటి పరిశోధకులు దీన్ని సంస్థ గుణంగా వర్ణించారు. చిన్న పొరపాట్లను ముందుగానే పసిగట్టడం, పని తెలిసినవారి మాటకు పదవితో సంబంధం లేకుండా విలువ ఇవ్వడం దానిలో భాగం. శిక్షణ తరగతుల్లోకి వచ్చేసరికి అదే గుణం సంస్థ నుంచి జారి ఉద్యోగి మెడకు చుట్టుకుంటోంది. పన్నెండు గంటల షిఫ్టును ముట్టుకోకుండా, ఆ షిఫ్టులో కూలబడే నర్సుకు సంకల్పబలం పెంచుకునే పాఠం చెబుతున్నారు.

ఈ పాఠాలు పనిచేస్తున్నాయా? విలియం ఫ్లెమింగ్ 2024లో ప్రచురించిన అధ్యయనంలో బ్రిటన్‌లోని 233 సంస్థలకు చెందిన 46,336 మంది ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించాడు. వ్యక్తిగత స్థాయి సంక్షేమ కార్యక్రమాల్లో పాల్గొన్నవారి మానసిక స్థితి, పాల్గొననివారికంటే మెరుగ్గా ఏమీ లేదు. ఒకే సమయంలో తీసిన సమాచారం కాబట్టి కార్యకారణ సంబంధాన్ని ఇది గట్టిగా తేల్చలేదు. ఇబ్బందిలో ఉన్నవారే ఎక్కువగా చేరి ఉండవచ్చన్న అభ్యంతరాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. అయినా, ఈ కార్యక్రమాలు పనికొస్తాయని నిరూపించవలసిన భారం వాటిని అమ్మేవారి మీదే ఉంటుంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ‘బర్న్‌ఔట్’ను వ్యాధిగా కాక, పనిచేసే చోట దీర్ఘకాలం కొనసాగిన ఒత్తిడితో ముడిపడిన స్థితిగానే నిర్వచించింది.

ఇక్కడ జాక్ స్టిల్గో, రిచర్డ్ ఓవెన్, ఫిల్ మాక్‌నాటన్ 2013లో రూపొందించిన ‘బాధ్యతాయుత నవకల్పన’ చట్రం ఉపయోగపడుతుంది. కొత్త విజ్ఞానం సమాజంలోకి వెళ్లేముందు నాలుగు పనులు జరగాలని వారు చెప్పారు. పరిణామాలను ముందుగా ఊహించడం, తమ అంచనాలను తామే ప్రశ్నించుకోవడం, ప్రభావితమయ్యేవారిని చర్చలో చేర్చుకోవడం, తెలిసినదాన్నిబట్టి దారి మార్చుకోవడం. వాతావరణ సాంకేతికత, జీవసాంకేతికతల వంటి వాటి గురించి మాట్లాడేటప్పుడు ఈ చట్రాన్ని ఎక్కువగా వాడతారు. మనోవిజ్ఞాన ఫలితం కూడా సాంకేతికత వంటిదే, అది కూడా మనుషుల జీవితాల్లో అమర్చబడుతుంది కాబట్టి ఇదే చట్రాన్ని ఇక్కడ వాడటం సమంజసం.

అలా చూస్తే తరుగుదల సిద్ధాంతానికి మార్కులు ఎలా వస్తాయి? దారి మార్చుకోవడంలో ఈ రంగం ఆలస్యంగానైనా మెచ్చుకోదగ్గ పని చేసింది. హ్యాగర్ తన సంఖ్యను తానే పరీక్షకు పెట్టాడు, వోస్ తన పక్షానికి ప్రతికూలమైన 0.06ను దాచకుండా ప్రచురించింది. ఆసుపత్రుల్లో పొరపాట్లపై ఏమీ ఎడ్మండ్‌సన్ 1996లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ గుర్తుకొస్తుంది. మంచి నాయకత్వం ఉన్న విభాగాల్లో మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడ పొరపాట్లు ఎక్కువ జరిగాయని కాదు, భయం లేక బయటికి చెప్పారని ఆమె వివరించింది. మనోవిజ్ఞానశాస్త్రం కూడా ఇప్పుడు అలాంటి విభాగమే. పునఃప్రయోగాల వైఫల్యాలు వరుసగా బయటపడటం చూసి ఈ శాస్త్రమే పనికిరాదనుకునేవారు ఈ తేడాను గమనించాలి.

చేర్చుకోవడంలో మాత్రం మార్కులు దాదాపు సున్నా. నిర్ణయాల అలసట గురించి పుస్తకాలు అధ్యక్షుల సూట్ల గురించి మాట్లాడాయి. రాత్రి షిఫ్టు నర్సునో, రెండు ఉద్యోగాలు చేసుకునే విద్యార్థినో ‘నీకు ఏ వేళకు, ఎందుకు ఓపిక పోతోంది’ అని అడిగినవారు తక్కువ. అడిగి ఉంటే, ఆసుపత్రి అధ్యయనం చూపిన జవాబే చాలా ముందుగా దొరికి ఉండేది: షిఫ్టుల మధ్య ఎక్కువ విరామం.

నమూనా పరీక్షా ప్రశ్నలు

1. తరుగుదల సిద్ధాంతానికి వ్యతిరేకంగా ఉన్న గణాంక ఆధారాలనూ, దాని తార్కిక నిర్మాణంలోని లోపాన్నీ వేరువేరుగా వివరించి, వాటిలో ఏది బలమైన విమర్శో మీ అభిప్రాయం రాయండి. ఈ పాఠంలోని అభిప్రాయంతో మీరు విభేదించవచ్చు.

2. ప్యారిస్ గ్లూటమేట్ పరిశోధనను తెలుగు రాష్ట్రాల్లో ఏదైనా ఒక వృత్తి చేసేవారితో మళ్లీ నిర్వహించాలంటే ప్రణాళిక ఎలా ఉండాలి? ఎంతమందిని, ఏ పనివేళల్లో, దేనితో పోల్చి పరిశీలిస్తారో తెలపండి.